నల్లకోటు మీద చెయ్యి

మార్చి 4

సమాధి రాయికి పెట్టే పింగాణీ పలక బట్టీ నుంచి వచ్చింది. అరచేతి కంటే కొంచెం పెద్దది, కోడిగుడ్డు ఆకారం, అంచు చుట్టూ సన్నటి బంగారు గీత. దాని మీది ఫోటోలో దోబ్రి నవ్వుతున్నాడు. పళ్ళు నేనే తెల్లగా చేశాను, కొంచెం ఎక్కువే చేశానేమో. మొహం బాగానే వచ్చింది. తంటా అంతా కోటు దగ్గరే. ఎడమ భుజం మీద, నల్లటి ఉన్ని మీద, బూడిదరంగులో నాలుగు వేళ్ళు.

నా స్క్రీన్ మీద అక్కడ ఏమీ లేదు. నలుపు మీద నలుపు పూశాను. అంతా ఒకటే చీకటిగా కనబడితే పని అయిపోయిందనుకున్నాను. పలక మీద మాత్రం వేళ్ళు వేళ్ళుగానే ఉన్నాయి. పదకొండేళ్ళ నుంచి వాడుతున్న నా మానిటర్ నాతో అబద్ధమాడింది.

ఇరవై ఆరేళ్ళ నుంచి ఇదే పని. మా ఊరు గాబ్రోవోలో సగం సమాధుల మీది మొహాలు నా బల్ల మీంచి వెళ్ళినవే. ఎవరికో ముడతలు తీశాను, ఎవరికో బతికుండగా కట్టని టై కట్టాను. తలుపుల మీద అంటించే చావుకబురు కాగితాలకి లెక్కే లేదు. ఇలాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు. జరక్క జరక్క సొంత మొగుడి పలక మీద జరిగింది.

మధ్యాహ్నం అత్తగారు వచ్చింది. కర్ర గోడకి ఆనించి, కళ్ళజోడు తగిలించుకుని, పలకని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది.

"ఈ భుజం మీదేంటే, ఎలకా?"

"చెయ్యి అత్తయ్యా."

"ఎవరిదీ?"

"నాదే."

పలకని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. తర్వాత బల్ల మీద పెట్టేసి, ఇంట్లో పెరుగుందా అని అడిగింది. జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రెండు ముక్కలు తిని వెళ్ళిపోయింది.

నాదే అని ఎందుకన్నానో తెలీదు. నోటికి అదే వచ్చింది.

మార్చి 5

కొత్త మానిటర్ కొనాలి. ఇది ఖాయం.

రెండు వందల యాభై లెవాలు. అంతకు మించి పెట్టే ప్రశ్నే లేదు. పాతదాని ముందు నిటారుగా కూర్చుంటే ఫోటోలో మనిషికి కామెర్లు వచ్చినట్టుంటుంది, కొంచెం వంగితే నీళ్ళలో పడి పోయినట్టు నీలంగా మారిపోతాడు. ఇన్నేళ్ళూ మధ్యలో ఎక్కడో మెడ బిగబట్టి పని లాగించాను. మెడనొప్పికి మందులకైన డబ్బుతో మానిటర్ వచ్చేది.

మార్చి 9

అత్తగారు ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్లో అరుస్తుంది, దూరం ఎక్కువైతే గొంతు కూడా ఎక్కువ కావాలని ఆవిడ నమ్మకం.

"రాయి చెక్కేవాడితో మాట్లాడాను. మే పద్దెనిమిదికి వాడు పోయి ఏడాది. ఆ రోజుకి రాయి నిలబెడతానన్నాడు. పలక మాత్రం నెలాఖరుకి బట్టీకి వెళ్ళిపోవాలంట, ఏప్రిల్ నెలాఖరుకి. ఎలాగూ మళ్ళీ కాల్పించాలిగా, ఒక పలక మీదే ఇద్దరినీ వేయించెయ్."

"ఇద్దరెవరు?"

"ఎవరేంటే, వాడూ నువ్వూ. ఇప్పుడు వాణ్ణొక్కణ్ణి కాల్పించి, రేపు నువ్వు పోయాక ఇంకోటి కాల్పించడం దండగ కాదూ? ఒకే బట్టీ, ఒకే పలక, సగం ఖర్చు. పేరు కూడా పక్కన చెక్కించేద్దాం. పుట్టిన ఏడు వేసి, గీత గీసి వదిలేస్తే సరి. మిగతాది తర్వాత వాళ్ళే చెక్కుకుంటారు."

"నాకింకా యాభై రెండే అత్తయ్యా."

"నలభై ఎనిమిదికే ఎక్కాను నేను రాయి మీదకి. ఏమైంది? ఇదిగో, నీతో మాట్లాడుతున్నా."

అందరూ చేసేదే. నేనే ఎన్ని జంటల్ని అలా పక్కపక్కన పెట్టానో. పోయినాయన ఫోటో తెచ్చిన ఆవిడ తన ఫోటో కూడా ఇచ్చి, నన్ను కొంచెం చిన్నగా చెయ్యమ్మా, ఆయన గుర్తుపట్టాలిగా, అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ గీత తర్వాత ఉండే ఖాళీని నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

సరే అన్నాను. స్క్రీన్ మార్చాక చేస్తానన్నాను. రెండు ఫోటోల రంగులు కలవాలంటే ఈ మానిటర్ పనికిరాదు. అది నిజమే.

మార్చి 10

స్క్రీన్ తుడిచాను. రెండుసార్లు. బల్లని కిటికీ దగ్గర్నుంచి గోడవైపు జరిపాను. సాయంత్రం మళ్ళీ కిటికీ దగ్గరకు జరిపాను.

మార్చి 14

యాంత్రా ఏటి ఒడ్డున వంతెన పక్కన మెతోది కొట్టుకి వెళ్ళాను. జర్మనీ ఆఫీసుల్లో వాడి పారేసిన కంప్యూటర్లు తెచ్చి అమ్ముతాడు. అంతకు ముందు ఉన్ని మిల్లులో ఇరవై రెండేళ్ళు రంగులు సరిచూసేవాడు. ఈ తడవ అద్దిన దారం పోయిన తడవ దారంతో కలుస్తుందో లేదో ఉత్తరం కిటికీ దగ్గర నిలబడి చెప్పేవాడు. మిల్లు మూతబడింది, కళ్ళు మిగిలాయి.

"ఎన్ని అంగుళాలది కావాలో చెప్పకు, అందరూ అదే చెప్తారు," అన్నాడు.

"రెండొందల యాభై లెవాలది కావాలి అన్నా."

"అదీ మాటంటే. చూడు రుమ్యానా, వెలుగు చూసి మోసపోకు. వెలుగు ఎవడైనా చూపిస్తాడు. నలుపు చూడు."

ఒక స్క్రీన్ మీద కడ్డీలా ఉన్న బొమ్మ పెట్టాడు. ఈ చివర కటిక నలుపు, ఆ చివర తెలుపు, మధ్యలో ఇరవై ఒక్క గడులు. ఏ గడికి ఆ గడి విడిగా తెలియాలంట. ఆ బొమ్మ ఇంటికి తెచ్చి నా మానిటర్ మీద పెట్టి చూశాను. మొదటి ఆరు గడులూ కలిసిపోయి ఒక్కటే ఉంది. ఆ ఆరు గడుల చీకట్లోనే ఇన్నేళ్ళూ జుట్లూ కోట్లూ దిద్దాను.

మానిటర్లలో మూడు జాతులున్నాయని చెప్పాడు. ఒకటి నా దానిలాంటిది, చవక, తల కదిపితే రంగు మారుతుంది. రెండోది నలుపు బావిలా లోతుగా చూపిస్తుంది, కానీ కొంచెం పక్కనుంచి చూస్తే చీకట్లో ఉన్నవన్నీ ఆ బావిలోనే మునుగుతాయి. మూడోది ఐపీఎస్, ఎటు నుంచి చూసినా మనిషి మనిషిలాగే ఉంటాడు.

"నీకు మూడోదే. నీ డబ్బుకి కొత్తదీ వస్తుంది, కానీ ఎరుపులూ పచ్చలూ సగమే పడతాయి. పాతదైతే మంచిది దొరుకుతుంది, కాస్త ఓపిక పట్టాలి."

"ఓపిక లేదన్నా."

"అయితే డబ్బైనా ఉండాలి. రెండూ లేకపోతే పిసినారితనానికి పేరుపడ్డ గాబ్రోవో మనిషివే. మా తాత తలుపు తొందరగా పడుతుందని పిల్లి తోక కత్తిరించాడు, గదిలో వేడి పోకుండా. నువ్వు మానిటర్‌లో ఏం కత్తిరిస్తావో చూద్దాం."

ఓపిక పట్టడానికి టైం ఎక్కడుంది.

మార్చి 17

ఓపిక పట్టలేదు. రెండో జాతిది తెచ్చాను, అంచులు వంగినది, పెద్దది. నచ్చకపోతే వారంలోపు తిరిగివ్వచ్చు. మెతోది వద్దంటూనే కట్టి ఇచ్చాడు.

నలుపు అద్భుతంగా ఉంది. కోటు నిజంగా ఉన్ని కోటులా ఉంది. ఎదురుగా కూర్చుంటే నాలుగు వేళ్ళూ కనబడ్డాయి. టీ తాగుదామని పక్కకి వంగితే పోయాయి. మళ్ళీ ఎదురుగా వస్తే వచ్చాయి. గంటసేపు అటూ ఇటూ ఊగాను. పిచ్చిదానిలా ఉన్నానని అనిపించాక లేచి గిన్నెలు కడిగాను.

మార్చి 18

తిరిగిచ్చేశాను.

మార్చి 23

శనివారం. అత్తగారితో శ్మశానానికి వెళ్ళాను. బస్సు దిగి కొండ ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంటుంది, పట్టుకున్నట్టు ఒప్పుకోదు.

దోబ్రి దగ్గర ఇంకా చెక్క శిలువే ఉంది. మట్టి కుంగింది. అత్తగారు ఆనవాయితీగా దాని మీద వైన్ పోసి, కాసేపు నిలబడి, పక్క వరుసలోకి వెళ్ళింది. అక్కడ మావగారి రాయి. ఒకే పలక మీద ఇద్దరూ ఉంటారు, ఆయన మీసాలతో, ఆవిడ చెవులకి ముత్యాలతో. కింద ఆయన పేరూ, రెండు ఏళ్ళూ. ఆవిడ పేరూ, ఒక ఏడూ, గీతా.

సంచిలోంచి పళ్ళబ్రష్షు తీసి ముందు ఆయన మొహం తోమింది, తర్వాత తన మొహం తోమింది. చెవుల దగ్గర, మెడ దగ్గర, పాపకి స్నానం చేయించినట్టు జాగ్రత్తగా తోమింది.

"చూడు, ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క పగులు లేదు. అప్పటి బట్టీ పనంటే అదీ," అంది.

నేను పూలకుండీ నీళ్ళు పారబోసి వస్తానని పంపు దగ్గరకి వెళ్ళాను. అక్కడే చాలాసేపు ఉన్నాను. కుండీ ఎప్పుడో కడగడం అయిపోయింది.

మార్చి 24

రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. రంగులు కుదరట్లేదు. దోబ్రిది దీపాల వెలుగులో తీసింది, పసుపు. నాది పాస్‌పోర్టు ఫోటో, సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. మంచి స్క్రీన్ లేకుండా వీటిని కలపడం ఎవరివల్లా కాదు.

ఏప్రిల్ 2

ఊరవతల పెద్ద దుకాణంలో కొత్తవి తగ్గింపులో పెట్టారు. ఐపీఎస్సే, ఇరవై నాలుగు అంగుళాలు, రెండు వందల పందొమ్మిది. మెతోదికి చెప్పకుండా కొన్నాను. ఆయనకి చెప్పాల్సిన అవసరం ఏముంది, ఆయనేం నాకు బంధువా.

దోబ్రి బుగ్గలు ఎండుమిరపకాయల పచ్చడి రాసినట్టున్నాయి. ఎరుపు తగ్గిస్తే పాచిపోయిన పాలలా తెల్లబడ్డాడు. వెలుగు మరీ ఎక్కువ, తగ్గిస్తే నలుపంతా బూడిదైపోయింది. ఆ బూడిదలో వేళ్ళు కనబడ్డాయి కానీ ఎక్కడ మొదలవుతున్నాయో, కోటు ఎక్కడ ఆగుతోందో తెలియలేదు. చుట్టూ గీసి చెరిపితే భుజం కరిగిపోయింది. ఒంటిభుజం మనిషిని పలక మీద పెట్టలేను.

నల్ల అట్టముక్కలతో స్క్రీన్‌కి గొడుగులా కట్టాను, కిటికీ వెలుగు పడకుండా. గుర్రం కళ్ళకి గంతలు కట్టినట్టుంది. అయినా లాభం లేదు.

ఏప్రిల్ 4

దుకాణంలో తిరిగి తీసుకోవడానికి పెట్టె కావాలన్నారు. పెట్టెతో మార్చిలో విత్తనాలు వేసుకున్న మొలకల ట్రే చేశాను అనుకుని బెంగపడ్డాను. కాదు, అది వేరే పెట్టె. ఈ పెట్టె మంచం కింద ఉంది, అందులో పెట్టి ఇచ్చేశాను. బుర్ర పనిచెయ్యట్లేదు.

ఏప్రిల్ 9

అత్తగారు చెప్పాపెట్టకుండా వచ్చింది. పలకని మళ్ళీ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళింది.

"ఇంకా కాలేదా?"

"రంగులు కుదరట్లేదు అత్తయ్యా. స్క్రీన్ బాలేదు."

"ఆడలేక మద్దెల ఓడంటారు. పోయిన నెల ఆ బేకరీవాళ్ళ తాతకి ఇదే స్క్రీన్ మీద బూజు పట్టిన ఫోటోని బాగుచేశావ్. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు."

"అందులో కోటు లేదు."

"సరే, కోటుతోనే గొడవైతే ఆ చెయ్యి ఉంచెయ్యి. నీదేగా. నిన్ను పక్కన పెడితే నీ చెయ్యి వాడి భుజం మీద వేసినట్టే ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది కూడా."

అంటూ నా వైపు చూసింది. పలక వైపు కాదు. నేను అట్టముక్కలు సర్దుతూ, పలక మీద చేతులు బాగుండవనీ, మొహాలే ఉండాలనీ ఏదో చెప్పాను. బట్టీవాళ్ళు ఒప్పుకోరన్నాను. బట్టీవాళ్ళకి దానితో ఏం పని. ఆవిడ తల ఊపి, కర్ర తీసుకుంది.

నాదే అని ఎందుకన్నానో.

ఏప్రిల్ 11

రాయకపోతే ఊపిరాడేలా లేదు.

ఆ ఫోటో రెండేళ్ళ కిందటి నికుల్‌దెన్ విందులో తీసింది. డిసెంబరు ఆరు, నికొలాయ్ అని పేరున్న ప్రతివాడూ చేప వండించి ఊరిని పిలిచే రోజు. దోబ్రి ఫ్యాక్టరీ స్నేహితుడి ఇంట్లో. నేను వెళ్ళలేదు. దోబ్రి పోయాక ఫోన్లో దొరికింది. మొత్తం ఫోటోలో ఆ చెయ్యి ఎవరిదో ఆవిడ కూడా ఉంది, పూర్తిగా, పక్కనే కూర్చుని. నేను కత్తిరించాను. చెయ్యి మాత్రం కోటు మీద మిగిలిపోయింది.

అలా కత్తిరించాకే, ఫోన్లో ఫోటోలన్నీ చూసి అత్తగారు దీన్ని ఎంచింది. "ఇదే పెట్టు, ఇందులో నా కొడుకు నవ్వుతున్నాడు," అంది. వేరేవి చూపించాను. గడ్డం గీసుకుని కెమెరా ముందు కూర్చున్నవి, నేను తీసినవి. "వీటిలో వరసలో నిలబడ్డట్టున్నాడు," అంది. అబద్ధం కాదు.

పేరు రాయను. రాస్తే ఇక్కడ కూడా చోటిచ్చినట్టవుతుంది. వాళ్ళిద్దరి సంగతి ఊళ్ళో అందరికీ తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకి తెలియకూడదని ఆరేళ్ళు నడిపాను. కూరగాయల కొట్లో ఆవిడ ఎదురైతే మిరపకాయల ధర గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఏప్రిల్ 12

మంచి స్క్రీన్ దొరికితే పదినిమిషాల పని. అంతే.

ఏప్రిల్ 17

మెతోది ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో ఒక అచ్చు కార్యాలయం మూసేశారంట, పుస్తకాల అట్టలు దిద్దే మానిటర్ వచ్చింది, ఇరవై నాలుగు అంగుళాలు. కింద మూల ఒక చుక్క చచ్చిపోయి ఎప్పుడూ పచ్చగా వెలుగుతుందంట, అందుకే ధర తగ్గింది, రెండు వందల నలభై.

వెళ్ళాను. కొట్లో ఎవరూ లేరు. మెతోది కర్టెన్ వేసి, గడుల బొమ్మ పెట్టాడు. ఇరవై ఒక్క గడులూ విడివిడిగా ఉన్నాయి, లెక్కపెట్టుకున్నాను.

"నీ ఫోటో ఏదైనా తెచ్చావా? పనిలో ఉన్నది పెట్టి చూసుకో. గడులేం చెప్తాయి."

పెన్‌డ్రైవ్‌లో అదొక్కటే ఉంది. కత్తిరించకముందుది కాదు, కత్తిరించినదే. పెట్టాను.

నాలుగు వేళ్ళు కాదు. బొటనవేలు కూడా ఉంది, కాలర్ కింద. ఉంగరం వేలు కొంచెం వంగి ఉంది. ఉన్నిని నొక్కి పట్టుకున్న చోట ముడత. గోళ్ళకి రంగు. వట్టినే వేసిన చెయ్యి కాదు అది, చాలా ఏళ్ళుగా అక్కడే వేసే చెయ్యి.

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. నా గోళ్ళకి రంగు వేసుకోను, ఎప్పుడూ వేసుకోలేదు, ఈ పనిలో రంగు కళ్ళకి అడ్డం. మెతోదికి ఈ ఊళ్ళో ఎవరి చొక్కా ఏ తడవ రంగో తెలుసు. కాసేపు స్క్రీన్ చూశాడు. తర్వాత కర్టెన్ తీశాడు.

"నలుపు నీ పనికి సరిపోతుంది," అన్నాడు. "రెండొందల పది ఇవ్వు."

"రెండొందల నలభై అన్నావుగా అన్నా."

"చుక్క చచ్చిందిగా."

"చుక్కకి ముందే తగ్గించావు."

"మళ్ళీ తగ్గించాను, తప్పా?"

గాబ్రోవోలో అడక్కుండా ముప్పై లెవాలు తగ్గించారంటే ఆ మనిషి మీద ఎంత జాలి కలిగి ఉండాలో నాకు తెలుసు. తీసుకున్నాను. దారి పొడవునా ఒళ్ళు మండుతూనే ఉంది. బస్సులో మానిటర్ ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చున్నావిడ ఎన్ని అంగుళాలమ్మా అంటే కిటికీ వైపు తిరిగాను.

ఏప్రిల్ 19

చెయ్యి పోయింది. పదినిమిషాలు కాదు, మూడు గంటలు పట్టింది. ఒక్కొక్క వేలు తీసి, ఆ కింద ఉన్ని నేత మళ్ళీ నేశాను. ఇంత మంచి పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరికీ చూపించుకోలేని పని.

చెయ్యి పోయాక నవ్వు మిగిలింది. ఇప్పుడు ఈ స్క్రీన్ మీద అదీ సరిగ్గా కనబడుతోంది. కళ్ళ కింద మడతలు, కొంచెం తడి, తల ఒక పక్కకి, ఎడమ భుజం వైపు వాలి ఉంది. ఆ చెయ్యి అక్కడ ఉందని ఆ నవ్వుకి తెలుసు. ఇరవై ఏడేళ్ళలో నా కెమెరాకి దోబ్రి ఒక్కసారి కూడా అలా నవ్వలేదు. కెమెరా పక్కన పెట్టినప్పుడు కూడా నవ్వలేదు. దీన్ని ఏ కుంచెతో తియ్యాలి?

తర్వాత నా ఫోటో పక్కన పెట్టాను. పసుపు కొంచెం తగ్గించి, నాకు కొంచెం వెచ్చదనం కలిపాను. పావుగంటలో రంగులు కుదిరిపోయాయి. ఇద్దరం ఒకే దీపం కింద కూర్చున్నట్టున్నాం.

ఏప్రిల్ 20

పంపలేదు.

ఏప్రిల్ 21

కేబుల్ మార్చాలేమో. ఎరుపులు కొంచెం అనుమానంగా ఉన్నాయి.

ఏప్రిల్ 22

మెతోది కొట్టుకి వెళ్ళి కేబుల్ అడిగాను. "కేబుల్‌లో రంగు మారదు రుమ్యానా, మారితే అసలు బొమ్మే రాదు," అన్నాడు. అయినా ఒకటి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ఇక ఆ కొట్టుకి వెళ్ళను.

ఏప్రిల్ 24

కేబుల్ మార్చాను. ఏమీ మారలేదు.

సరే. నాకు అక్కడ ఉండాలని లేదు. రాసేశాను.

దోబ్రి చెడ్డవాడు కాదు. శీతాకాలానికి కట్టెలు కొట్టి పేర్చేవాడు, నాకు జ్వరమొస్తే సూప్ కాచేవాడు, చెయ్యెత్తలేదు, జీతం దాచలేదు. ఇవన్నీ పైకి అనుకుంటే మంచి మొగుడి లెక్కే. పోయినందుకు ఏడ్చాను, దొంగ ఏడుపు కాదు. ఇప్పటికీ రెండు కప్పులు తీస్తాను.

కానీ ఆ నవ్వు పక్కన వందేళ్ళు కూర్చోలేను. అది నాకోసం నవ్విన నవ్వు కాదు. జనం వచ్చి చూసి, పాపం ఎంత చక్కటి జంట అంటారు. వర్షం పడుతుంది, మంచు పడుతుంది, నేను సున్నం గోడ మొహంతో అక్కడే ఉంటాను. కింద నా పేరూ, పుట్టిన ఏడూ, గీతా. ఆ గీత చూస్తే, మిగిలిన నా బతుకంతా ఎవరో సుత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నట్టు.

అత్తగారికి ఎలా చెప్పాలి. చెప్తే చెయ్యి సంగతి చెప్పాలి. కొడుకు పోయి ఏడాది కూడా కాలేదు, ఆవిడకి మిగిలింది ఆ నవ్వొక్కటే. చెప్పకపోతే పలక ఎక్కాలి.

స్క్రీన్ మళ్ళీ తుడిచాను. మూలన పచ్చచుక్క తుడిస్తే పోదు, తెలుసు.

ఏప్రిల్ 27

అత్తగారు వచ్చింది. రేపు మట్టల ఆదివారం పండగని విల్లో కొమ్మలు తెచ్చి, తలుపు మీద దోబ్రి కాగితం పక్కన గుచ్చింది. లోపలికి వచ్చి, అడక్కుండా స్క్రీన్ ముందున్న నా కుర్చీలో కూర్చుంది. స్క్రీన్ మీద దోబ్రీ నేనూ పక్కపక్కనే ఉన్నాం.

"కుదిరాయిగా రంగులు."

"కుదిరాయి."

"మరి పంపవేం? ఇంకా మూడు రోజులే."

నేను నిలబడే ఉన్నాను. ఇంక దాటవెయ్యడానికి ఏమీ దొరకలేదు. మానిటర్ బాగుంది, కేబుల్ కూడా కొత్తది.

"అత్తయ్యా, పలక మీద చూసిన చెయ్యి నాది కాదు."

"తెలుసు."

ఆవిడ గొంతు ఏమీ మారలేదు. టీలో చక్కెర చాలు అన్నట్టు అంది.

"ఆ నికుల్‌దెన్ నాడు నువ్వు ఆస్పత్రిలో నా మంచం పక్కనున్నావు. ఫోటో తేదీ ఫోన్లోనే ఉంది. తుంటికి ఆపరేషన్ అయిన మూడో రోజు. నాకింద గిన్నె పెట్టి, ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చింది నువ్వు. వాడు విందుకెళ్ళాడు. నేనది మర్చిపోతానా?"

"మరి ఆ రోజే అనలేదేం?"

"నాదే అన్నావు. కోడలు కప్పుకున్నదాన్ని అత్త లాగకూడదు. చెయ్యి ఉంచెయ్ అని గిల్లి చూశాను, అప్పుడైనా నిజం చెప్తావేమోనని. నువ్వు అట్టముక్కలు సర్దావు."

అప్పుడు చెప్పేశాను. రాయి మీదకి రాను అన్నాను. పేరు వద్దు, ఏడు వద్దు, గీత వద్దు. ఊరు ఏమైనా అనుకోనీ. ఖర్చు ఎక్కువైతే ఆ ఎక్కువ నేనే పెట్టుకుంటా. ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెంటికీ సిద్ధమయ్యాను.

"తీసెయ్ అయితే," అంది. "నిన్ను తీసేస్తే ఎలా ఉంటుందో చూడనీ."

వంగి మీట నొక్కాను. నేను పోయాను. దోబ్రి ఒక్కడే, నల్లకోటులో నవ్వుతూ.

చాలాసేపు చూసింది. కొడుకు మొహం మీద, స్క్రీన్ అద్దం మీద వేలు పెట్టింది. నేను తుడవమని చెప్పలేదు.

"ఇంత సులువా?"

"కాల్చకముందైతే ఇంతే."

"కాల్చాక?"

"కాల్చాక రాదు అత్తయ్యా. కొత్త పలక చేసి, పాతది ఊడబీకి పెట్టాలి."

చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని, చేతిరుమాలులో చుట్టిన ఫోటో తీసింది. మావగారు. పెళ్ళికి ముందుది, సైన్యం టోపీతో, ఒక్కడే. అంచులు పసుపెక్కాయి, నుదుటి మీద మడత గీత.

"ఈయన్ని కూడా ఒక్కణ్ణే చెయ్యి."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

"అక్కడున్నది బాగానే ఉందిగా అత్తయ్యా. పగుల్లేదన్నావు. దండగ కదా?"

"దండగే," అంది. ఆ మాట ఆవిడ నోట, అలా తేలిగ్గా, నేను ఎప్పుడూ వినలేదు. "మీ మావయ్యకీ ఒక చెయ్యి ఉండేది. మా రోజుల్లో ఫోటోలో పడలేదు, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళుగా కొండెక్కి వెళ్ళి నా మొహం నేనే తోముకుంటున్నా. ఎవరికోసమే?"

తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆవిడ ముందు ఆపింది. నుదుటి మీద మడత పోతుందా అని అడిగింది. పోతుందన్నాను. మీసాలు పెట్టద్దు, అప్పటికి ఆయనకి మీసాల్లేవు, అంది.

ఏప్రిల్ 29

రెండు పలకలకీ బొమ్మలు బట్టీకి పంపాను. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మనిషి.

రాయి చెక్కేవాడు ఫోన్ చేశాడు. దోబ్రి పక్కన నా పేరు రాదని అత్తగారు చెప్పిందట, నమ్మకం కుదరక మళ్ళీ అడుగుతున్నాడు. రాదన్నాను.

"పోనీ రాయి మీద ఆ పక్క ఖాళీ వదలమంటారా? తర్వాత మనసు మారితే పనికొస్తుంది."

"ఖాళీ కూడా వద్దు. రాయే సగం చెయ్యండి."

"సగం రాయికి సగం డబ్బులే వస్తాయి కదమ్మా నాకు," అన్నాడు దిగులుగా.

అవునన్నాను.